గోడ మీది సుద్ద మచ్చలు

పోయిన ఆదివారం కాడుగోడిలో మా మేనకోడలి బడిలో రోబోల ప్రదర్శన ఉంటే వెళ్ళాను. బంతులు విసిరే యంత్రం ఒకటి పెట్టారు. పక్కనున్న టీచరు మైకులో, "మొత్తం మా పిల్లలే చేశారు" అంటున్నారు. యంత్రం అడుగున కంపెనీ స్టిక్కరు గోకేసిన చోట జిగురు ఇంకా మెరుస్తోంది. పిల్లలు నేలచూపులు చూస్తున్నారు. నాకు ఆ టీచరు మీద అసహ్యం వేసింది. అలా అసహ్యించుకునే హక్కు నాకు లేదని గుర్తొచ్చాక అది నా మీదికే తిరిగింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో యలహంక అవతల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చివరి ఏడాది చదువుతున్నాను. కాలేజీల మధ్య పోటీ పెట్టారు. టెన్నిస్ బంతుల్ని దూరంగా ఉన్న బుట్టలో వేసే యంత్రం చెయ్యాలి. మా జట్టులో ఇద్దరం. నాతోపాటు మదనపల్లె నుంచి వచ్చిన మా క్లాసు అమ్మాయి. నేను వెంటనే ఏదో ఒకటి చేసి పడేద్దామంటే, ఆమె మూడు రకాలు చేసి చూసి అప్పుడు తేల్చుకుందామంది. ఒకటి స్ప్రింగుతో తన్నేది. ఇంకోటి తిరిగే ఒంటి చక్రానికీ వంచిన రేకుకూ మధ్య బంతిని దూర్చి విసిరేది. మూడోది ఎదురెదురుగా తిరిగే రెండు చక్రాలది. వర్క్‌షాపు ఫోర్‌మన్‌ది యలహంక పాతూరే, మేం అన్నా అనేవాళ్ళం. బంతిని సుద్దపొడిలో దొర్లించి గోడకు కొట్టమన్నది ఆయనే. "అప్పుడు చెండు యాడ తగిలిందో గోడే చెప్తాదప్పా" అన్నాడు. మూడు వారాలు అదే పని. క్యాంటీనుకు వెళితే, పిండిమిల్లు నుంచి వస్తున్నారా అని అడిగేవాళ్ళు.

స్ప్రింగు బలంగానే తన్నేది కానీ గొళ్ళెం అరిగి, ఎప్పుడు వదులుతుందో తెలిసేది కాదు. రెండు చక్రాలది చాలా దూరం విసిరేది. కాకపోతే రెండు మోటార్లూ ఎంత సర్దినా ఒకే వేగంతో తిరిగేవి కావు, బంతి ఒక పక్కకి లాగేసేది. గోడంతా అమ్మవారు పోసినట్టు మచ్చలు. ఒంటి చక్రంతో మచ్చలన్నీ ఒక పళ్ళెమంత జాగాలో పడ్డాయి. బంతి ముందుకు పోతూనే వెనక్కి గిర్రున తిరుగుతుంది గనక బుట్టలో పడ్డాక ఎగిరి బయటికి రాదు. ఒక్కో బంతి తర్వాత చక్రం వేగం అందుకోవడానికి కాసేపు ఆగాలి, అంతే. ఆ లోపాన్ని కూడా ఆమె దాచకుండా నోటుబుక్కులో రాసింది.

మా డిపార్ట్‌మెంట్ హెడ్ వచ్చి చూసి మొహం చిట్లించాడు. "ఏందిది, గ్రైండర్ మాదిరి ఉండాది. స్టేజి మీద రెండు చక్రాలయితేనే గ్రాండ్‌గా కనిపిస్తాది" అన్నాడు. ఆయన బావమరిది క్రికెట్ ప్రాక్టీసుకు బంతులు విసిరే యంత్రాలు చేసేవాడు. వారంలో అక్కడి నుంచి ఎర్రరంగు వేసిన రెండు చక్రాల యంత్రం దిగింది. ఇక దానికి తగ్గ రిపోర్టు కావాలి. ఆమె నోటుబుక్కు తీసుకుని రెండే రెండు శీర్షికలు తారుమారు చేసి టైపు చేయించాడు. ఒంటి చక్రం ఫలితాలు రెండు చక్రాలవయ్యాయి, రెండు చక్రాలవి ఒంటి చక్రానివయ్యాయి.

"ఇట్లా జరగలేదు సార్. నేను సంతకం పెట్టను" అంది ఆమె.

"పెట్టకుంటే పేరు తీసేస్తా. ప్రాజెక్టు మార్కులు నా చేతిలో ఉండాయి, జ్ఞాపకం పెట్టుకో" అని, కాగితాన్ని నా వైపు జరిపాడు. నేను పెట్టాను. పెన్ను రాయకపోతే విదిలించి మరీ పెట్టాను. బయట ఫోర్‌మన్ అన్న ఎదురై, "గోడ మీద మచ్చలు నువ్వూ చూస్తివి గదప్పా" అన్నాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

పోటీలో మొదటి బంతి బుట్ట మీదుగా పోయింది. రెండోది పక్కకి లాగి ముఖ్య అతిథి కాఫీలో పడింది. ఆయన తెల్లచొక్కా చూసి హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఒక్క బంతీ బుట్టలో పడలేదు. అక్కడితో పోయినా బాగుండేది. ఉత్తమ రిపోర్టు బహుమతి మాకు వచ్చింది. ఇంత నిజాయితీగా పరీక్షలు చేసినవాళ్ళను చూడలేదని జడ్జి మైకులో మెచ్చుకున్నాడు. స్టేజి మీద హెడ్ నా మెడ మీద చెయ్యి వేశాడు. ఆ చెమట చెయ్యి తలుచుకుంటే ఇప్పటికీ మెడ తుడుచుకుంటాను. మూడో వరసలో ఆమె చప్పట్లు కొట్టకుండా నన్నే చూస్తూ కూర్చుంది.

అన్నట్టుగానే హెడ్ ఆమె మార్కులు కోసేశాడు. క్యాంపస్ ఇంటర్వ్యూలకు కూర్చోనివ్వలేదు. కొన్నేళ్ళకు ఎలక్ట్రానిక్ సిటీ బస్సులో నా పక్క సీటులోనే కనిపించింది. మోటార్లు చుట్టే చిన్న కంపెనీలో మొదలుపెట్టి, సొంతంగా పైకొచ్చి, అక్కడే టెస్టింగ్ విభాగం చూస్తోందట. క్షమించమని అడిగాను.

"కోపం ఎప్పుడో పోయిందిలే" అంది మామూలుగా. "కానీ నీతో కలిసి ఇంకో పని చెయ్యమంటే మాత్రం చెయ్యను."

స్టాపు రాగానే దిగిపోయింది. ఇన్నేళ్ళలో ఆ హెడ్ మొహం నాకు చాలావరకు చెరిగిపోయింది. సంతకం పెడుతున్న నా మొహం మాత్రం ఏటికేడు ఇంకాస్త స్పష్టంగా కనిపిస్తోంది.