ఊరు ముందు, పేరు వెనుక

కంప్యూటర్ గదిలోకి వెళ్లేముందు చాంద్‌పాషా రోజూ చెప్పులు బయట విడిచి, చేతిరుమాలుతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంటాడు. కరీంనగర్‌లో నీటి మోటర్లు అమ్మే ఆ దుకాణంలో పంతొమ్మిదేళ్లుగా రైతుల ఫైళ్లు చూసేది అతనే. కంప్యూటర్ దిగిన రోజు యజమాని కొండల్‌రావు, "ఇగ ఫైళ్లు దేవులాడే పని లేదు పాషా. నీ సంగతి నెలాఖరుకు చూద్దాం" అన్నాడు. ఉద్యోగం పోయినట్టేనని పాషాకు అర్థమైంది. ఆ వారమే మెట్‌పల్లి దిక్కు రైతు ఒకాయన కాలిపోయిన మోటరుతో వచ్చాడు. గ్యారంటీ ఉందో లేదో చూడాలంటే అతని ఫైలు కావాలి. పేరు రాజయ్య. కంప్యూటర్ అమ్మినవాళ్లు కొన్నాళ్లకని పంపిన ఆపరేటర్ పేర్ల వరస తెరిస్తే తెర నిండా రాజయ్యలే. అతను ఒక్కో ఫైలు తెరిచి చూస్తుంటే రైతుకు విసుగొచ్చింది. "మా ఊరేదో మొదలే చెప్తి గద సారూ, గీ డబ్బకు ఇనరాదా?" గుమ్మం దగ్గర నిలబడ్డ పాషా నెమ్మదిగా అన్నాడు. "మనోళ్లు ఊరు ముందు చెప్తరు, పేరు ఎనుక చెప్తరు సార్. ఊరి పేరుకు ఒక గడి పెట్టి దాంతోని వరస పెట్టుండ్రి జర. నా బీరువాల గట్లనే ఉంటయి." ఆపరేటర్ చిరునామాల్లోంచి ఊరి పేర్లు ఆ గడిలోకి తెచ్చి అలాగే వరస పెట్టాడు. ఆ ఊరి ఫైళ్లు పదకొండు వచ్చాయి. వాటిలో రాజయ్య ఒక్కడే. కొండల్‌రావు పాషా వైపు తిరిగాడు. "రేపటి సంది గా కుర్చీల నువ్వు కూసో పాషా."

"నాకు టైపు రాదు సార్."

"నేర్సుకో. ఫికర్ చెయ్యకు."

ఇప్పుడు దుకాణం హాజరు పట్టికలో చాంద్‌పాషా పేరు పక్కన కంప్యూటర్ ఆపరేటర్ అని ఉంది.