సరంగు రిడ్లీ అనుమానం

కత్‌బర్ట్ రిడ్లీది ఇంగ్లండులోని రేవు పట్టణం సౌత్ షీల్డ్స్. తండ్రి లాగే మీసాలు రాకముందే ఓడెక్కి, నలభై దాటేసరికి కలప మోసే ఒక పాత ఆవిరి ఓడకు సరంగై, కళాసీలందరికీ పెద్దయ్యాడు. పనిలో నికార్సైన మనిషే గానీ, ఎవర్నీ ఓ పట్టాన నమ్మేవాడు కాదు. యుద్ధం వచ్చాక ఆ గుణం మరీ ముదిరింది.

1940 అక్టోబరులో గనులకు పనికొచ్చే దుంగలు నింపుకుని, కెనడా నుంచి కాపలా ఓడలతో గుంపుగా సాగే కాన్వాయ్‌తో కలిసి ఇంటిదారి పట్టారు. ఐర్లండ్ దగ్గరపడుతుండగా ఒక రాత్రి పక్క వరుసలో ఓడ భగ్గుమంది. కాసేపటికి ఇంకొకటి. కాపలా ఓడలు అంచుల వెంట తిరుగుతూ జలాంతర్గాముల కోసం నీటి అడుగు చప్పుళ్లకు చెవులు రిక్కించాయి. వాటికేమీ వినబడలేదు. దీపమన్నదే లేని ఓడల్ని జర్మన్లు చీకట్లో ఎలా పసిగట్టారు? లోపలివాడెవడో వెలుగు చూపిస్తున్నాడని ఓడంతా గుసగుసలు మొదలయ్యాయి.

రిడ్లీ చూపు వంటవాడు ఎల్మార్ కాస్క్ మీద పడింది. ఎస్టోనియావాడు, జర్మన్ కూడా వచ్చు. అందరూ పడుకున్నాక ఓడ వెనక అంచున ఒంటరిగా నిలబడేవాడు. ఎందుకని అడిగితే గాలికోసమన్నాడు. అట్లాంటిక్ మీద గాలికి కరువా? తెల్లారాక వెతికితే కాస్క్ కోటులో టార్చిలైటు దొరికింది. కెప్టెన్ తటపటాయించినా రిడ్లీ పట్టుబట్టి అతన్ని కింద రంగు డబ్బాలు దాచే గదిలో పెట్టి తాళం వేయించాడు. తాళంచెవి తన జేబులోనే వేసుకున్నాడు.

ఆ రాత్రి వెనక కాపలాకు తనే నిలబడ్డాడు. మబ్బు విడి వెన్నెల పడగానే, రెండు వరుసల మధ్య నీటిని అంటుకుని నల్లగా ఏదో కదిలింది. తాము పోయే దిక్కుకే, తమ వేగంతోనే సాగుతోంది. దాని మీద మనుషుల తలలు. కాపలా ఓడేమో అనుకున్నాడు. అంత పొట్టి కాపలా ఓడ ఎక్కడుంది? గాలికి డీజిల్ వాసన కొట్టింది.

అది జలాంతర్గామి. మునగలేదు, మామూలు పడవలా పైనే తేలుతూ వరుసల్లోకి దూరింది. అంత కిందనుంచి చూసేవాడికి ప్రతి ఓడా ఆకాశానికి అడ్డంగా గోడలా కనిపిస్తుంది. ఇక దీపమెందుకు? కాపలా ఓడలు మాత్రం ఎక్కడో బయట, నీటి అడుగున వెతుకుతున్నాయి.

రిడ్లీ పైనున్న కెప్టెన్‌కు కబురందించాడు. ఓడ పక్కకు తిరిగేలోపే ముందుభాగం పేలింది. దుంగల పుణ్యమా అని వెంటనే మునగలేదు. అందరూ పడవల వైపు పరుగెత్తితే రిడ్లీ కిందికి దిగి తాళం తీశాడు.

"రా ఎల్మార్. అది మన మధ్యలోనే తిరుగుతోంది. దానికెవరూ దారి చూపక్కర్లేదు."

"ఇప్పుడా చెప్పేది, సరంగూ?" అంటూ కాస్క్ మెట్లెక్కాడు.

కాన్వాయ్ చివర వస్తున్న ఓడ వాళ్లను ఎక్కించుకుంది. స్కాట్లండులోని గ్రీనక్ రేవులో నౌకాదళం వాళ్లు రిడ్లీ చెప్పినదంతా విన్నారు. వేరే ఓడలవాళ్లూ అదే చెప్పారన్నారు. తర్వాత రిడ్లీ ఒక కప్పు టీ తెచ్చి కాస్క్ ముందు పెట్టి, తప్పు నాదేనయ్యా అన్నాడు. అప్పుడు చెప్పాడు కాస్క్. ఇంతకుముందు పనిచేసిన ఓడ మునిగినప్పుడు గదిలో ఇరుక్కుని గొంతుదాకా నీళ్లలో ఉన్నాడట. అప్పట్నుంచి ఓడ కింది గదుల్లో పడుకుంటే ఊపిరాడదు. టార్చిలైటు దగ్గర లేందే ఉండలేడు.

"నేనా గదిలోనే పోయుంటే, గూఢచారిని పట్టుకున్నానని ఇంటికెళ్లి చెప్పుకునేవాడివి, కదూ?"

రిడ్లీ అవునన్నట్టు తలూపాడు. కాస్క్ టీ ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు. మళ్లీ కలవలేదు.

చలికాలంలో రిడ్లీ ఇంకో ఓడెక్కాడు. అక్కడ బొగ్గువేసే ఒక యెమెన్ వాడు గూఢచారని గుసగుసలు మొదలై రిడ్లీ దాకా వచ్చాయి. "కళ్లుంటే నీళ్ల మీద పెట్టండి, వరుసల మధ్య" అని కసిరాడు. అయినా ఆ రాత్రి అతని చూపు ఒకటి రెండుసార్లు ఆ యెమెన్ వాడి వైపు పోకుండా ఆగలేదు.