లేతు మామ బడి ఎంచిన తీరు

ఉప్పల్లో మెట్రో స్తంభాలు కొత్తగా లేస్తున్న ఆ రోజుల్లో, ఏ బడి మంచిదో తెలుసుకోవాలంటే తల్లిదండ్రులకు ఫ్లెక్సీలే దిక్కు. పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు, ప్రతి గల్లీ మలుపులోనూ పదికి పది తెచ్చుకున్న పిల్లల ముఖాలు వేలాడేవి. (ఒకే అమ్మాయి రెండు బళ్ళ ఫ్లెక్సీల్లో నవ్వడం నేను కళ్ళారా చూశాను. ఎవరి బిడ్డో పాపం, రెండు చోట్లా ఎలా చదివిందో!) ఫ్లెక్సీని నమ్మనివాళ్ళు మా ఇంటికి వచ్చేవాళ్ళు. డిగ్రీ అయిపోయి ఉద్యోగం దొరక్క, నాచారంలో మా అద్దింటి ముందు గదిలో నేను ట్యూషన్ చెప్పేదాన్ని. ఏ బడి పిల్లలకు ఏం రాదో నాకు తెలిసినట్టు ఆ బళ్ళ హెడ్మాస్టర్లకు కూడా తెలియదు. ఇది గొప్ప కాదు, ఖర్మ. అన్నిటికంటే అధ్వాన్నమైన బడిలో పాఠాలు చెప్పేది మా అమ్మే మరి!

పక్క పోర్షన్‌లో ఉండే ఆయన పారిశ్రామికవాడలో ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. గల్లీలో పిల్లలందరికీ ఆయన లేతు మామ. వాళ్ళమ్మాయి పొట్టి మూడో తరగతి దాటింది గాని, రెండక్షరాలు కూడబలుక్కోవడానికి చెమటలు పట్టేవి. పాత బడి మాన్పించి, కొత్త బడి కోసం ఆయన కాళ్ళరిగేలా తిరుగుతున్నాడు. బళ్ళు తెరిచిన కొన్నాళ్ళకు ఓ సాయంత్రం వచ్చి మా గుమ్మంలో కూలబడ్డాడు.

“జర నువ్వన్న సెప్పు బిడ్డా. యాడికి వోయినా ఏసీ సూపిస్తున్రు, కంపూటర్ సూపిస్తున్రు. పిల్లకు సదువొస్తదా అంటే ఎవ్వలు సెప్తలేరు. ఈసారి గూడ గిట్లనే అయితే దాని బతుకు ఆగమే.”

వెనకాల అమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ వింటోంది. ఇంకొక్క కొత్త పిల్లనైనా చేర్పించకపోతే ఉద్యోగం ఉండదని బడి యజమాని ఆమెకు చెప్పేశాడు. (మే ఎండల్లో ఇంటింటికీ తిరిగి కరపత్రాలు పంచి, మనిషి నల్లబడిపోయింది.) నేనేమో సత్యహరిశ్చంద్రుడి చెల్లెల్ని. “ఎక్కడైనా చేర్చండి మామా, అమ్మ వాళ్ళ బడిలో మాత్రం వద్దు. ఒకే హాల్లో మూడు తరగతులు. ఎవరికీ చదవడం రాదు” అనేశాను. అమ్మ చేతులు ఆగిపోయాయి.

లేతు మామ పకపకా నవ్వాడు. “మస్తు హుషారున్నవ్ బిడ్డా! సొంత బడిని పొగిడితే దిష్టి తగులుతదని గట్ల అంటున్నవ్. నాకెర్క లేదా? వారం సంది సూస్తున్న, నీ ట్యూషన్ల సగం మంది మెరూన్ డ్రస్సోళ్ళే, మీ అమ్మ బడోళ్ళే. సదువు మీద గంత ధ్యాస ఉన్న పిల్లలు ఇంకే బడిల ఉన్నరు?”

అయ్యో రామ! అక్కడ చదువు రాకే కదయ్యా ఇక్కడికి తోలుతున్నారు! ఎంత మొత్తుకున్నా వినలేదు. మర్నాడే పొట్టిని తీసుకెళ్ళి అమ్మ క్లాసులో చేర్చేశాడు, సాయంత్రాలు నా ట్యూషన్‌కూ పంపాడు. అమ్మ ఉద్యోగం నిలిచింది. నాతో మాటలు మాత్రం ఆగిపోయాయి. ఉన్నది ఇద్దరమే కాబట్టి గోడతో మాట్లాడుకునేవాళ్ళం. (“ఎవరో చారులో ఉప్పు మర్చిపోయారు” అని నేను గోడకు చెబితే, “ఎవరికో నోరు ఎక్కువైంది” అని అమ్మ అదే గోడకు చెప్పేది.)

ఇలా ఉండగా ఓ సాయంత్రం అమ్మ బడి నుంచి వస్తూనే, చీరైనా మార్చుకోకుండా, నా ట్యూషన్ పిల్లల మధ్య చాప మీద పొట్టి పక్కన కూర్చుంది. ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చదివించింది. అప్పట్నుంచి రోజూ అంతే. పగలంతా అరిచి గొంతు బొంగురుపోయినా, సాయంత్రం ఎంత నెమ్మదిగా చెప్పేదో! మా అమ్మ అంత మంచి టీచరని నాకు అప్పటిదాకా తెలియదు. నిజంగా తెలియదు.

దసరా సెలవులకు ముందు పొట్టి, ఆగి ఆగి అయినా, ఒక పాఠం మొత్తం చదివింది. లేతు మామ కళ్ళు తుడుచుకుని, “సూసినవా బిడ్డా, గా బడి మంచిదని నేను సెప్పలే?” అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పొట్టి అమ్మ కొంగు పట్టుకుని అడిగింది.

“టీచర్, మరి బళ్ళె గూడ గిట్లనే సెప్పొచ్చు గద?”

అమ్మ దాని పుస్తకం మూసి సంచిలో పెట్టింది. వాళ్ళు వెళ్ళాక, ఎన్నాళ్ళకో, గోడ వంక కాక నా వంక చూసింది. “అక్కడ ఒక్కళ్ళ పక్కన కూర్చునే వీలు కూడా ఉండదే” అంది.

ఇప్పుడు మా వాడికి బడి కోసం ఫోన్లో వెతుకుతుంటే ప్రతి బడికీ అయిదు చుక్కల రేటింగే. ఏ బడి ఎలాంటిదో లోకంలో తనొక్కదానికే తెలుసనుకున్న ట్యూషన్ చెప్పే ఆ పిల్ల, అంటే అప్పటి నేనే, గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఎదురుపడితే చెవి మెలిపెట్టి, “వాదన తర్వాత గానీ, అమ్మ పొద్దంతా బళ్ళో నిలబడి నిలబడి వచ్చింది, కాసిన్ని టీ నీళ్ళు పెట్టివ్వవే” అని లోపలికి తోస్తాను.