గుంజక్కకు ఇచ్చిన కుర్చీ

చప్పట్లు కొట్టి మనిషిని పనిలోంచి తీసేయవచ్చని ఆ ఆదివారం దాకా నాకు తెలియదు. తిట్టి తీసేస్తే ఎదురు తిట్టవచ్చు. చెప్పాపెట్టకుండా తీసేస్తే గుమ్మంలో కూర్చుని నిలదీయవచ్చు. పూలగుత్తి చేతికిచ్చి, మైకులో పొగిడి, పేట మొత్తం చేత చప్పట్లు కొట్టించి తీసేస్తే ఏం చేయాలి? ఇప్పటికీ తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

తీసేసింది మా తోటికోడలిని. ఆమె భర్తా మా ఆయనా అన్నదమ్ములు. ఆమె నాకన్నా బాగా పెద్దది కాబట్టి అక్కా అని పిలుస్తాను. పేటలో మాత్రం అందరికీ గుంజక్క. ఏటా పార్కులో జరిగే పేట సంబరంలో ఆడవాళ్ళకు తాడు లాగే పోటీ ఉంటుంది. మా కింది వీధి జట్టులో చిట్టచివర తాడు కొస నడుముకు చుట్టుకుని నిలబడేది ఆమే. పాతిన గుంజైనా కదులుతుందేమో గాని ఆమె కదలదు. ఆ పేరు అలా వచ్చింది.

మేమిద్దరం ఒకే లాండ్రీలో పని చేస్తాం. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ బల్లగుడ్డలు మా దగ్గరికి వస్తాయి. ఉతకడానికి, ఆరబెట్టడానికి యంత్రాలున్నాయి గాని పెద్ద దుప్పటి మడత పెట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆమె రెండు కొసలు, నేను రెండు కొసలు పట్టుకుని వెనక్కి వాలి ఒక్క లాగు లాగుతాం. ముడతలు పోయాక ఎదురెదురుగా నడిచి కొసలు కలుపుతాం. కొత్తలో ఆమె లాగుడుకు నేను దుప్పటితో సహా వెళ్ళి ఆమె మీద పడేదాన్ని. "తిన్నదంతా ఎక్కడికి పోతోందే నీకు?" అనేది. పని ఆమె దగ్గరే నేర్చుకున్నాను, తిట్లతో సహా.

లాండ్రీ యజమానికి మేం పెట్టుకున్న పేరు ఇస్త్రీబాబు. చొక్కా నలగనివ్వడు, మాట గరుకు కానివ్వడు. ఎవరి మీదైనా కోపమొస్తే ఇంకాస్త తియ్యగా మాట్లాడతాడు. ఎండలు మొదలైనప్పుడు ఇస్త్రీ గదిలో ఫ్యాను చెడిపోయింది. "చూద్దామమ్మా, చేయిద్దామమ్మా" అంటూ రోజులు దొర్లించాడు. ఆ ఆవిరికి తట్టుకోలేక ఒకమ్మాయి కళ్ళు తిరిగి పడిపోయింది. గుంజక్క నేరుగా వెళ్ళి పెద్ద ఇస్త్రీ యంత్రం ఆపేసి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడింది. ఫ్యాను తిరిగాకే యంత్రం తిరిగింది. "మంచి పని చేశావమ్మా, నా కళ్ళు తెరిపించావు" అన్నాడు ఇస్త్రీబాబు నవ్వుతూ. ఆ నవ్వు చూసి నేను భయపడ్డాను గాని ఆమె పట్టించుకోలేదు.

ఈ ఏడు సంబరం కమిటీకి ఆయనే అధ్యక్షుడు.

ఆదివారం పొద్దున్నే అందరం పార్కుకు వెళ్ళాం. గడ్డి మీద నడవరాదన్న బోర్డుకు ఆ ఒక్కరోజూ బెలూన్లు కట్టి దాని నోరు మూసేస్తారు. పిల్లల మొహాలకు రంగులు పూసే బల్ల ఒకటి, కుండీల్లో మొక్కలు అమ్మే బల్ల ఒకటి, పాత పుస్తకాల బల్ల ఒకటి, వీటన్నిటి మీదుగా చెవులు చిల్లులు పడేలా పాటలు. బల్లల మీద పరిచిన తెల్లగుడ్డలన్నీ ముందురోజు పని వేళ దాటాక ఉండి మేం ఇస్త్రీ చేసినవే. నేను ఒక బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడితే కమిటీ పిల్ల ఒకతె పరుగెత్తుకొచ్చి, "ఆంటీ, చెయ్యి తీయండి, గుడ్డ మురికవుతుంది" అంది. నా చెయ్యి మురికా! ఆ గుడ్డ తెల్లబడిందే ఈ చేతుల్లో! ఆ మాటే అనబోతుంటే అక్క మోచేత్తో పొడిచి నన్ను పక్కకు లాక్కుపోయింది.

"ఆ కోపం దాచుకోవే. మధ్యాహ్నం తాడు మీద చూపిద్దువు గాని" అంది.

గడ్డిలో జారకుండా అడుగున పళ్ళున్న పాత బూట్లు వేసుకుంది. నడుముకు బావగారి తోలు బెల్టు బిగించింది. ఆ హుషారు చూస్తే నాకే నవ్వొచ్చింది. మా ఎదురు జట్టు పై వీధివాళ్ళు. వాళ్ళకు నాయకురాలు బేకరీ ఆవిడ. రోజూ బస్తాలకొద్దీ పిండి పిసికే చేతులు ఆమెవి. పోయినేడు మేం గెలిచినప్పటి నుంచి ఆవిడ అక్కను దారిలో చూస్తే చాలు, చెయ్యి మడిచి కండ చూపించేది.

మధ్యాహ్నం రెండు జట్లూ తాడు దగ్గరికి చేరుతుండగా ఇస్త్రీబాబు మైకు పట్టుకుని అక్కను వేదిక మీదికి పిలిచాడు. అక్కడ గులాబీరంగు రిబ్బను కట్టిన మెత్తటి పెద్ద కుర్చీ ఉంది. అక్క నా వైపు చూసింది. నాకూ ఏమీ తెలియదని తల అడ్డంగా ఊపాను.

"మన గుంజక్క మా లాండ్రీకి తల్లి లాంటిది" అని మొదలుపెట్టాడు. "ఇన్నేళ్ళు ఒళ్ళు దాచుకోకుండా పని చేసింది. ఈ పెద్దవయసులో కూడా ఆమెను కష్టపెట్టడం మనకు న్యాయమా? అందుకే రేపటి నుంచి అక్కకు విశ్రాంతి! హాయిగా ఇంట్లో ఈ కుర్చీలో కూర్చోవాలి. ఇవాళ తాడు కూడా లాగనక్కర్లేదు. పోటీ మొదలుపెట్టే ఈల అక్క చేతికే ఇస్తున్నాం. అందరూ గట్టిగా చప్పట్లు కొట్టాలి!"

పార్కంతా చప్పట్లు మారుమోగాయి. అందరికన్నా గట్టిగా కొట్టింది మా బావగారు. "చూశావా మీ అక్కకు ఎంత గౌరవమో!" అని నా భుజం తట్టాడు. మోకాళ్ళు పట్టేసి ఆయన కాపలా పని మానుకున్నప్పటి నుంచి ఆ ఇల్లు అక్క జీతం మీదే నడుస్తోంది.

"బావగారూ, మీ పొయ్యి ఆర్పేస్తుంటే చప్పట్లు కొడతారేంటి? అక్కను పనిలోంచి తీసేశాడు!" అన్నాను.

ఆయన చేతులు అలాగే గాల్లో ఆగిపోయాయి. అప్పుడు ఆ మొహం చూడలేకపోయాను.

పెద్దవయసట! ఇస్త్రీబాబూ అక్కా ఒకే బడిలో చదివారు. అక్క కన్నా ఆయనే రెండు తరగతులు పైన. తనకన్నా చిన్నదాన్ని అక్కా అక్కా అని మైకులో పిలిచి ముసలిదాన్ని చేసేశాడు. మరి ఆయన కోసం రిబ్బను కట్టిన కుర్చీ ఎవరూ తేలేదే! ఉన్నపళంగా వేదిక ఎక్కి అడిగేద్దామనుకున్నాను గాని ఈలోగా తాడు పట్టుకోమని అరిచారు. అక్క కుర్చీలో కూర్చుంది. ఇస్త్రీబాబు ఈల ఆమె మెడలో వేశాడు. కొసన ఆమె చోటులో మందుల షాపావిడ కోడలు నిలబడింది. పాపం, బక్కపిల్ల. తాడు బిగిసింది.

అక్క ఈల నోట్లో పెట్టుకుంది. ఈల మోగలేదు. మా చేతులు నొప్పెట్టడం మొదలైంది. ఎవరో "ఊదు పెద్దమ్మా!" అని అరిచారు. అక్క ఈల నోట్లోంచి తీసి, శుభ్రంగా తుడిచి, ఒళ్ళో పెట్టుకుంది.

"ఊదను" అంది.

ఇస్త్రీబాబు మైకును అరచేత్తో మూసి వంగాడు. "ఏమైందమ్మా?"

"రేపు నేను పనికి రావాలా, వద్దా?"

అక్కకు మైకు అక్కర్లేదు. ఇన్నేళ్ళూ యంత్రాల రొదకు మించి మాట్లాడిన గొంతు అది.

"అవన్నీ ఇక్కడెందుకమ్మా? రేపు ఆఫీసులో నిదానంగా మాట్లాడుకుందాం."

"ఆఫీసులో చెప్పాల్సిన మాట ఇక్కడ చెప్పారు కదండీ. ఇక్కడ చెప్పింది ఇక్కడే వెనక్కి తీసుకోండి."

"నీ మంచికే కదమ్మా..."

"నా మంచేంటో నన్నడిగారా? ఫ్యాను అడిగినందుకు కుర్చీ ఇస్తారా?"

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. సంబరం పాడుచేస్తోందని ఒకరిద్దరు సణిగారు. వాళ్ళ మొహాలు గుర్తుపెట్టుకున్నాను. ఇస్త్రీబాబు ఇంకో ఈల ఎక్కడైనా ఉందేమో చూడమని కమిటీవాళ్ళను తరిమాడు. పార్కులో అన్ని బల్లలున్నాయి గాని ఇంకో ఈల దొరకలేదు. అప్పుడు ఎదురు జట్టులోంచి బేకరీ ఆవిడ తాడు వదిలేసింది.

"ఆవిడ కొసన లేకుండా మేం గెలిచి ఏం లాభం? రేపు ఏ మొహం పెట్టుకుని కండ చూపించను?" అని గడ్డి మీద చతికిలబడింది.

ఆమె వెనకవాళ్ళు కూర్చున్నారు. మేమూ కూర్చున్నాం. బావగారు మాత్రం మోకాళ్ళు వంగక నిలబడే ఉన్నాడు. చప్పట్లు కొట్టిన చేతులు రెండూ జేబుల్లో దోపుకున్నాడు. నడినెత్తిన ఎండ. ఇస్త్రీబాబు చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. ఆ చొక్కా నలగడం నేను చూడటం అదే మొదటిసారి, కళ్ళారా చూశాను.

"గుంజక్క... ఎప్పటిలాగే రేపు పనికి వస్తుంది" అన్నాడు చివరికి. "తనంతట తాను మానేదాకా ఆ పని ఆమెదే."

"వెనకవాళ్ళకు వినపడలేదండీ" అంది అక్క.

మళ్ళీ చెప్పాడు. అక్క లేచి, ఈల తీసి ఆయన మెడలో వేసి, మా వెనకకొచ్చి తాడు కొస నడుముకు చుట్టుకుంది.

గెలిచామని చెప్పాలని నాకూ ఉంది. ఓడిపోయాం. బేకరీ ఆవిడ పగబట్టినట్టు లాగింది. అక్క బూట్లు గడ్డిని దున్నుకుంటూ వచ్చాయి. అందరం ఒకరి మీద ఒకరం పడ్డాం. అక్క మోకాలు చీరుకుపోయింది. ఇస్త్రీబాబు మెల్లగా దగ్గరికొచ్చి, "చూశావా అమ్మా, ఇందుకే కదా నేను చెప్పింది" అన్నాడు. గొంతులోకి తీపి అప్పుడే తిరిగొచ్చేసింది.

అక్క గడ్డి దులుపుకుంటూ లేచింది. "ఓడింది జట్టంతా కదండీ. అందరికీ తలా ఒక కుర్చీ తెస్తారా?"

అందరికన్నా పెద్దగా నవ్వింది బేకరీ ఆవిడే.

సోమవారం నేను వెళ్ళేసరికి అక్క మడత గదిలో ఉంది. ఆమెతో పాటు కుర్చీ కూడా ఉంది. బావగారూ మా ఆయనా తెల్లవారగానే తోపుడుబండి మీద తెచ్చి దించిపోయారట. రిబ్బను ఊడదీసి చీపురుకు కట్టేసింది. మడత పెట్టిన దుప్పట్లన్నీ ఆ కుర్చీలో పేర్చాం. నడుము వంచే పని లేకుండా సరిగ్గా అందే ఎత్తులో ఉంది.

కాసేపటికి ఇస్త్రీబాబు వచ్చాడు. కొత్త చొక్కా, చెదరని గీత. కుర్చీని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అది ఇంట్లో పెట్టుకోవడానికి ఇచ్చిన కానుకమ్మా" అన్నాడు.

అక్క దుప్పట్ల దొంతర రెండు చేతులతో ఎత్తి బల్ల మీద పెట్టింది. కుర్చీని ఆయన వైపు తిప్పి, దులిపింది.

"రండి, కూర్చోండి" అంది. "నాకన్నా పెద్దవారు. మీకు ఎవరూ ఇవ్వలేదు కదా."

ఆయన కూర్చోలేదు. అలాగని వెంటనే వెళ్ళనూ లేదు. అక్క ఇంకో దుప్పటి దులిపి రెండు కొసలు నా వైపు విసిరింది. ఇద్దరం వెనక్కి వాలి లాగాం.