పిన్ని వేసిన ఇనుప మెట్లు

మొన్న ఉప్పల్‌లో మెట్రో దిగి షేర్ ఆటో కోసం నిలబడితే, ఎదురుగా గోడ మీద పోస్టర్ కనపడింది. నాచారంలో, ఎప్పుడో పోయిన ఒక చిత్రకారుడి పాత ఇంట్లో ఈ ఏడాది కూడా పోటీ ఉందట, ఆరుబయట కూర్చుని ఆ ఇంటినే చూస్తూ బొమ్మ వేయాలట, వయసుతో పని లేదట. ఆటో వచ్చింది, పోయింది, నేను ఎక్కలేదు. నాలుగేళ్ళ కిందట ఆ ఇంటి పెరట్లో మా పిన్నిని దొంగను చూసినట్టు చూసిన ఆదివారం గుర్తుకొచ్చింది.

పిన్ని అంటే అమ్మకు ఆఖరి చెల్లెలు. రామంతాపూర్‌లో ఉంటుంది. అప్పటికే డెబ్భైకి దగ్గర పడింది. వాకిట్లో ముగ్గు తప్ప ఆమె గీసిన గీత మా ఇంటావంటా ఎవరూ చూడలేదు. అలాంటి మనిషి ఒక రోజు నాకు ఫోన్ చేసి, "బిడ్డా, మీ నాచారంల పోటీ ఉన్నదట గదా, నా పేరు రాయించు" అన్నది. నా అనుమానం అక్కడే మొదలైంది. నాకది పుట్టుబుద్ధి. పాలవాడు చిక్కటి పాలు పోసినా ఇవాళ ఎందుకు పోశాడా అని ఆలోచించే రకం నేను. ఆ ఇల్లు ఎప్పుడైనా చూశావా అని అడిగితే, "నాకేం దెలుసు" అన్నది, మరీ తొందరగా.

పోటీ నాడు అందరూ ఇంటి ముందు నీడపట్టున చోటు కోసం తోసుకుంటుంటే, పిన్ని ఎవరినీ అడగకుండా పక్క సందులోంచి వెనక్కి నడిచింది. నల్లా ఎక్కడుందో కూడా ఆమెకు తెలుసు. గిన్నె పట్టుకుని తిన్నగా అక్కడికే పోయింది. వెనక చూడటానికి ఏముంది? సున్నం వెలిసిన గోడ, పైన మూసేసిన తలుపు. ఆ గోడకేసి ఒక్కసారి చూసి, తల వంచుకుని గంటన్నర లేవలేదు. కుంచె పట్టిన తీరు చూశాను, కొత్తవాళ్ళు అలా పట్టరు. ఫోటో ఏదైనా దాచి చూస్తోందేమోనని, మంచినీళ్ళ వంకతో ఆమె సంచి వెతికాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, వెతికాను. బీపీ మాత్రలు, చేతిరుమాలు, నా కోసం తెచ్చిన సకినాలు దొరికాయి.

బహుమతులు నిర్ణయించడానికి వచ్చినాయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ డ్రాయింగు మాస్టారు. పిన్ని బొమ్మ దగ్గర ఆగిపోయాడు. కింద నుంచి ఆ మూసేసిన తలుపు దాకా, గుండ్రంగా తిరుగుతూ ఎక్కే ఎర్రటి ఇనుప మెట్లు వేసింది పిన్ని.

"ఇక్కడ మెట్లెక్కడున్నాయమ్మా? పాత ఫోటో ఏదో చూసి వేశారు కదూ?" అన్నాడు. చుట్టూ పదిమంది చేరారు. పిన్ని గిన్నెలో కుంచె కడుక్కుంటోంది. నేను ఆమె పక్షాన ఒక్క మాట అనలేదు. నా అనుమానమూ అదే మరి.

గొడవ విని చిత్రకారుడి కూతురు, ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ, చేతికర్రతో బయటికొచ్చింది. బొమ్మను చాలాసేపు చూసింది. "గీ మెట్లు తుప్పువడితే నలభై ఏండ్ల కిందనే తీసేయించినం. ఫోటో ఒక్కటి గూడ లేదు" అని, పిన్ని వైపు తిరిగి, "పైన ఏముండె?" అని పోలీసులా అడిగింది.

"మీ నాయన బొమ్మలేసే అర్ర. పై మెట్టు ఊగుతుండె. పైలం బిడ్డా అని రోజూ జెప్తుండె" అన్నది పిన్ని.

పెద్దావిడ కర్ర గోడకు ఆనించి పిన్ని చెయ్యి పట్టుకుంది. "మౌలాలి క్వార్టర్ల నుంచి నడిచొచ్చే పిల్లవా నువ్వు? చెప్పకుండ రావుడు బంద్ జేసినవని నాయన మస్తు కోపం జేసిండు."

అప్పుడు బయటపడింది. పదహారేళ్ళప్పుడు, కుట్టుపని నేర్చుకుంటున్నానని ఇంట్లో చెప్పి పిన్ని ఏడాది పాటు ఆ చిత్రకారుడి దగ్గర బొమ్మలు నేర్చుకోవడానికి ఇక్కడికి వచ్చిందట. రైల్వేలో పనిచేసే మా తాతకు అనుమానం తగిలి, ఒక రోజు వెంబడించి, గేటు దాటకముందే వెనక్కి తీసుకుపోయాడట. మరుసటి నెలలోనే పెళ్ళిచూపులు.

బహుమతి రాలేదు. కళ్ళెదుట ఉన్నదే వేయాలన్నది పోటీ నియమం. మాస్టారు రెండు చేతులూ జోడించి తప్పయిందన్నాడు గానీ నియమం మాత్రం వదల్లేదు. "రూలు రూలే సార్" అన్నది పిన్ని. బొమ్మ ఈ ఇంట్లోనే ఉంచమని పెద్దావిడ అడిగితే మాత్రం, "ఇయ్యనమ్మా. నాకు గిదొక్కటే ఉన్నది" అని చుట్టి చంకలో పెట్టుకుంది.

మా ఇంటికొచ్చి చాయ్ తాగుతుంటే, సంచి వెతికిన సంగతి చెప్పేశాను. "ఎతికితే ఎతికినవ్ తీ" అన్నది పిన్ని, ఊదుకుంటూ. ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీరెవ్వరు పుట్టకముందు ముచ్చట గది. ఎవరికి జెప్పాలె?"

నిజమే. మన పెద్దవాళ్ళ వయసును మనం పుట్టిన నాటి నుంచే లెక్కేస్తాం. అంతకు ముందు కూడా వాళ్ళకొక కాలం గడిచిందని తెలుసుకునే సరికి మన కాలం సగం గడిచిపోతుంది.