నిలిచిన నీటిని నమ్మని వెంకటరవణప్ప

మా వెంకటరవణప్ప కాలధర్మం చెందారన్న దుర్వార్త మొన్న సోమవారం బట్లహళ్ళి నుంచి చింతామణి సంతకు వచ్చిన ఆయన అల్లుడి నోట విన్నాను. విన్న తర్వాత కూడా, ఆసుపత్రికి ఎప్పుడు తీసుకుపోతున్నారని అతణ్ణి రెండుసార్లు అడిగానట. నాకు జ్ఞాపకం లేదు.

చింతామణి దగ్గర ఉర్లగడ్డలు, అంటే బంగాళాదుంపలు, దాచే కోల్డ్ స్టోరేజీలో ఆయన మిషన్ ఆపరేటరు, నేను ఎలక్ట్రీషియన్ని. పన్నెండేళ్ళు ఒకే షెడ్డులో ఉన్నాం. ఆయన చదువు నాలుగో క్లాసు; యంత్రజ్ఞానం మాత్రం అపారం. అక్కడ గదుల్ని చల్లగా ఉంచే అమ్మోనియా వాయువును చల్లబరిచే రెండు పెద్ద ఇనుప పీపాలుండేవి. వాటిలోని గొట్టాల గుండా నీళ్ళు పారేవి. సీజను ముగియగానే ఆ నీళ్ళన్నీ వదిలేసి, ఒక్కొక్క గొట్టంలో బ్రష్షు దూర్చి పాచి, సున్నం తీసి, ఆరబెట్టి, తన పాత పంచెల గుడ్డతో మూతులు కట్టేవారు. “గాలి ఆడాల, పురుగు దూరకూడదు” అనేవారు.

ఎనభైల మొదట్లో వానల్లేక గడ్డల పంట పోయింది. స్టోరేజీని నిరవధికంగా మూసేయాలని దాన్ని నడిపే కమిటీ నిర్ణయించింది. మేనేజరు సాయంత్రానికల్లా తాళాలు ఇమ్మన్నారు. ఎవరికీ ఎదురుచెప్పని వెంకటరవణప్ప ఆ రోజు మేనేజరు బల్ల ముందు నిలబడ్డారు.

“పారతాండే నీళ్ళు అంత చేటు చెయ్యవు సార్. నిలబడిన నీళ్ళే ఇనుముని తినేస్తాయి. మూడు దినాలు ఇయ్యండి, జీతం వద్దు.”

ఒక్క రోజు దొరికింది. ఒక పీపా శుభ్రమైంది. రెండోది నీళ్ళతోనే తాళంలోకి పోయింది.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఆయన బట్లహళ్ళి నుంచి సైకిలు మీద వచ్చేవారు. పంపుల ఇరుసులు బిగుసుకుపోకుండా చేత్తో తిప్పేవారు. రెండో పీపా నీళ్ళు తీయడానికి మనిషి సాయం కావాలని, అనుమతి ఇవ్వమని అడుగుతూనే ఉన్నారు. కొన్ని నెలలకు, పని లేని మనిషికి ఇనుప సామాను దగ్గర ఏం పనని మేనేజరు అనుమానపడి, లోపలికి రానివ్వవద్దని వాచ్‌మన్‌కు ఆజ్ఞాపించారు. దొంగ అన్న మాట ఒక్కటే అనలేదు. వెంకటరవణప్పకు అది అర్థమైంది, మళ్ళీ రాలేదు.

రెండేళ్ళకు పంట వచ్చింది, స్టోరేజీ తెరిచారు, ఆయన్ను పిలిచారు. రెండో పీపా విప్పి గొట్టాలు చూసేదాకా నడపవద్దని ఆయన వేడుకున్నారు. గేటు బయట లారీలు వరుసగా నిలిచి ఉన్నాయి. మేనేజరు నడిపించారు. మూడో రోజు తుప్పు తిన్న గొట్టాలు చిల్లులు పడి, అమ్మోనియా నీళ్ళలో కలిసి, ఊపిరాడనివ్వని ఘాటు షెడ్డంతా కమ్మింది. మేమంతా బయటికి పరుగెత్తాం. ఆయన తడి టవలు మొహానికి చుట్టుకుని లోపలికి పోయి వాల్వులు కట్టేశారు. ఇంకెవరికీ ప్రాణాపాయం కలగలేదు. ఆయన ఊపిరి మాత్రం ఆనాటి నుంచి సరిగా ఆడలేదు.

వారం తిరక్కముందే మేనేజరు నివేదిక రాశారు: ఆపరేటరు అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగిందని. సాక్షి సంతకం నాది. ముగ్గురు పిల్లల తండ్రిని, భయపడ్డాను. ఆయన ఉద్యోగం పోయింది.

ఇన్నేళ్ళ తర్వాత పోయిన నెల ఆయన్ని చూడడానికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని, మాటకూ మాటకూ మధ్య ఆయాసపడుతున్నారు. సంతకం సంగతి నేనే ఎత్తాను. ఆయన నా మొహం చూసి అన్నారు:

“సంతకం చేసేదానికి ముందర నన్నొక మాట అడిగింటే బాగుండేదప్పా. చెయ్యమనే చెప్పింటాను.”

వాళ్ళ ఇంట్లో ఇచ్చిన కాఫీ తాగకుండానే లేచి వచ్చేశాను.

నిన్న కమిటీ వారు సంతాపసభ జరిపారు. ఆయన కర్తవ్యదీక్షను గురించి ఆ మేనేజరే కన్నడంలో చక్కగా ప్రసంగించారు. చప్పట్లు కొట్టబోయి కొందరు ఆగిపోయారు. నన్ను మాట్లాడమంటే లేవలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అటువంటి పనివాణ్ణి ఈ సీమలో మళ్ళీ చూడబోము. ఆ పుణ్యమూర్తికి నేను సమర్పించగల శ్రద్ధాంజలి ఒక్కటే: నేను సంతకం పెట్టిన ఆ నివేదిక అబద్ధం. వెంకటరవణప్ప వల్ల ఏ తప్పూ జరగలేదు. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు ఆయన చావు కావలసి వచ్చింది.