రెండు మెట్ల పీట

పక్కింటివాళ్ళు కొత్తగా తలుపులు చేయించుకుంటున్నారు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో వరండాలో కూర్చుంటే, వేపచెక్కకి చిత్రిక పడుతున్న వాసన గోడ దాటుకుని వచ్చేస్తోంది. కాస్త చేదు, కాస్త పచ్చి, కాస్త మందుల కొట్టు కలిసిన వాసన. ఇప్పుడు చిత్రిక పట్టేది కరెంటు మిషను కాబట్టి దాంతోపాటు చెవులు చిల్లులు పడే రొద కూడా ఉచితం. మా ఆయన కిటికీలు మూసుకుని లోపల కూర్చుంటారు. నేను మాత్రం కదలను. ఆ వాసన తగిలితే చాలు, నాకు మళ్ళీ పదేళ్ళొస్తాయి. పదేళ్ళొచ్చినా ఆరేళ్ళ పిల్లలా కనపడే పొట్టి రూపం వస్తుంది. ఆ రూపాన్ని చూసి మా నాయనమ్మ పెట్టిన పేరూ వస్తుంది.

ఆ పేరు గిద్ద. మానిక, తవ్వ, సోల, ఇవన్నీ అయిపోయాక మిగిలే బుల్లి కొలత. ఇంట్లో అందరూ ఏపుగా పెరిగినవాళ్ళే, నేనొక్కదాన్నే అట్టడుగున మిగిలాను. "గిద్దా, ఇటు రావే!" అని నాయనమ్మ కేకేస్తే ఊళ్ళో సగంమందికి వినపడేది, మిగతా సగం మంది మర్నాటికి నేర్చుకున్నారు.

మా ఊరు తెనాలికీ రేపల్లెకీ మధ్య, రైలు కట్టని ఆనుకుని ఉండేది. వేసవిలో కాలవ ఎండిపోయేది. అడుగున మెత్తటి ఇసుకలో పిల్లలం బిళ్ళంగోడు ఆడుకుని, తాటిముంజలు బొటనవేలితో పొడుచుకుని తాగి, మూతులకంటిన నీళ్ళు లంగాలకి తుడుచుకుని, అమ్మ ఆవకాయ కలిపిన పళ్ళెంలో వేడన్నం వేసి పిలిచేదాకా ఇంటి ముఖం చూసేవాళ్ళం కాదు. జూన్‌లో కాలవకి నీళ్ళొదిలేవాళ్ళు. నురగతో, ఎండుటాకులతో, ఎక్కడెక్కడి నత్తగుల్లల్నో దొర్లించుకుంటూ ఆ నీళ్ళు వస్తుంటే, వాటికి ముందు పరిగెత్తడం మాకు పెద్ద పండగ. పొట్టికాళ్ళ పుణ్యమా అని నీళ్ళకి అందరికన్నా ముందు దొరికిపోయేది నేనే.

ఆ ఏడు జూన్‌లో మాత్రం నాకు కాలవ మీద ధ్యాస లేదు. నా ఐదో తరగతి అయిపోయింది. మా ఊరి బడి అక్కడితో సరి. ఆరు చదవాలంటే తెనాలి హైస్కూలుకి వెళ్ళాలి. అక్కడ ఒక గదినిండా గాజు గొట్టాలు ఉంటాయనీ, తెల్లటి నీళ్ళలో తెల్లటి నీళ్ళు పోస్తే ఎర్రగా మారతాయనీ మా మాస్టారు చెప్పినప్పటి నుంచి నాకు నిద్రలో కూడా ఆ గదే. వెళ్ళాలంటే రోజూ పొద్దున మా ఊరి హాల్టులో రైలు బండి ఎక్కాలి, సాయంత్రం బండి దిగాలి. చిక్కంతా అక్కడే ఉంది.

హాల్టంటే స్టేషననుకునేరు. మట్టి కట్ట మీద నాలుగు గంపల కంకర పోసి, టిక్కెట్లిచ్చేందుకు ఒక చిన్న గది కట్టారు, అంతే. బండి ఆగితే దాని ఇనపమెట్టు నా ఛాతీ ఎత్తున ఉండేది. పెళ్ళికో పేరంటానికో వెళ్ళినప్పుడు నాన్న కింద నుంచి తోస్తే, పైన ఎవరో ముక్కూ ముఖం తెలియనాయన చంకల కింద చేతులేసి లాగేవాడు. వడ్ల బస్తాకి నాకూ తేడా ఏమిటంటే బస్తా సిగ్గుపడదు.

తెనాలి మాట ఎత్తగానే నాయనమ్మ మజ్జిగ చిలకడం ఆపేసింది.

"ఎదిగే పిల్లరా. రోజూ ఎవడో ఒకడు ఎత్తి ఎక్కిస్తాడా? ఎక్కలేని రైలు మనకెందుకు? తనంతట తాను ఎక్కాలి, తనంతట తాను దిగాలి. అట్టా అయితే పంపించు. లేకపోతే ఐదుతో చాల్లే."

నాన్నకి నన్ను చదివించాలనే ఉంది. కానీ నాట్ల రోజుల్లో పొలం వదిలి రెండు పూటలా హాల్టుకి రావడం అయ్యే పని కాదు. పైగా తల్లి మాట దాటే ధైర్యం ఆయనకి పుట్టుకతోనే లేదు. నేను గడ్డివాము చాటుకి వెళ్ళి కరువుతీరా ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి, "అయితే ఎక్కే వస్తువేదో చేసిపెట్టు నాన్నా" అన్నాను.

ముందుగా ఇంట్లో ఉన్న ముక్కాలిపీట పట్టుకెళ్ళాం, పొద్దున బండికి. గేదె పాలు పితకడానికి అమ్మ వేసుకునే పీట అది. కూర్చునే పీటని కాళ్ళతో తొక్కుతారా అని నాయనమ్మ గొణుగుతూనే ఉంది. దాని మీద నిలబడి మెట్టు కమ్మీ పట్టుకుందామని వంగానో లేదో, ఒక కాలు కంకరలో దిగబడింది, పీట ఒక పక్కకీ నేను ఒక పక్కకీ పోయాం. బండి కిటికీలన్నీ నవ్వాయి. అప్పుడే దిగుతున్న మంగమ్మత్త నన్ను లేపి మోకాలి మట్టి దులిపింది. ఆవిడది రేపల్లె అవతల సముద్రం ఒడ్డున పల్లె. పొద్దున బండికి చేపల గంపతో మా హాల్టులో దిగి, ఊళ్ళో అమ్ముకుని, సాయంత్రం బండికి ఖాళీ గంపతో వెళ్ళిపోయేది. గంప నెత్తిన ఉండగా ఆ ఎత్తు నుంచి దిగడం ఆవిడకీ చేతకాదు. ఎవరినో ఒకరిని బతిమాలి ముందు గంప అందించి, తర్వాత తను దూకేది.

సంగతి విని నాయనమ్మ, "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట" అనేసి లోపలికి వెళ్ళిపోయింది.

నాన్న వడ్రంగి దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఊళ్ళో నాగళ్ళన్నీ వరసగా పడున్నాయి.

"కాలవకి నీళ్ళొచ్చే రోజుల్లో పీటలేంటి అన్నయ్యగారూ! నాట్లయ్యాక చూద్దాంలెండి" అన్నాడాయన.

నాట్లయ్యేసరికి హైస్కూల్లో చేర్చుకోవడం కూడా అయిపోతుంది. నాన్నకి రోషం వచ్చింది. రంపం, ఉలి, చిల్లులు పెట్టే బరమా అడిగి తెచ్చి, తనే చేస్తానని వసారాలో కూర్చున్నాడు. మా నాన్న చేతికి నాగలిస్తే తాడు పట్టి గీసినట్టు సాలు తోలేవాడు. అదే చేతికి సుత్తి ఇస్తే మేకుకి తప్ప అన్నిటికీ దెబ్బలు తగిలేవి. కూలిపోయిన పశువుల కొట్టం తలుపు వేపచెక్కది. దాన్ని కోసి, నాలుగు తుమ్మ కాళ్ళు దిగ్గొట్టి, బొటనవేలికి గుడ్డ చుట్టుకుని, ఎత్తుగా ఒక పీట తయారుచేశాడు. ఆ సాయంత్రం మంచి వాన కురిసింది. మర్నాడు హాల్టులో దాన్ని వేసి నేనెక్కగానే నాలుగు కాళ్ళూ నాలుగు లోతులకి దిగబడ్డాయి. మా రేగడి సంగతి తెలిసిందే, కాలు పెడితే చెప్పు దాచుకుంటుంది. నేను పడలేదు గానీ, ఎక్కనూ లేదు. బండి వెళ్ళిపోయింది.

నాన్న ఆ పీటని తెచ్చి పెరట్లో పడేసి నుదురు పట్టుకుని కూర్చున్నాడు. నాకైతే ఇక ఐదుతోనే నా బతుకు తెల్లారిందని ఖాయమైపోయింది. అప్పుడు నాయనమ్మ బయటికొచ్చి పీటని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆవిడకి నా చదువు ఇష్టం లేని మాట నిజమే. కానీ చేసిన పని వంకరగా ఉంటే భరించలేకపోవడం అంతకన్నా నిజం.

"పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ బురదలోనే ఉన్నావు. కాళ్ళు దిగబడతయ్యి, పలక దిగబడదని ఇంకా తెలవదంట్రా నీకు? మడి చదును చేసేప్పుడు పలక మీద నిలబడి ఎడ్లని తోల్తావు గదా, ఏనాడన్నా మునిగావా?"

నాన్న తలెత్తి కొట్టం వైపు చూశాడు. బురద మడిని సాపు చేయడానికి ఎడ్లకి కట్టి లాగించే పొడుగాటి పలక అక్కడ గోడకి ఆనించి ఉంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటికిగాని తను ఏం మాటన్నదో నాయనమ్మకి తట్టలేదు. "చెక్క పాడుచేస్తన్నాడని చెప్పాగానీ, దాన్ని పంపమని కాదు" అని గబగబా మజ్జిగ దగ్గరికి వెళ్ళిపోయింది.

మర్నాడు మళ్ళీ మొదలు. ఈసారి కాళ్ళే లేవు. రెండు పక్కలా రెండు వెడల్పాటి చెక్కలు నిలబెట్టి, వాటి అడుగున పలకల్లాంటి పట్టీలు పరిచి బిగించాడు. ఒకటే మెట్టయితే అది ఎక్కడానికి ఇంకో పీట కావాలి కాబట్టి రెండు మెట్లు పెట్టాడు. నా మోకాలు ఎంతవరకు లేస్తే అంతే ఎత్తు; ఒక జనపనార ముక్కతో నన్ను నిలబెట్టి కొలిచాడు. మేకు దిగ్గొట్టే ప్రతిచోటా ముందు బరమాతో చిల్లు పెట్టాడు, చెక్క పగలకుండా. ఊగకుండా వెనకవైపు ఏటవాలుగా అడ్డకర్ర వేశాడు. "మరి నేనెక్కడ పట్టుకుని మొయ్యాలి?" అని అడిగితే, కాసేపాలోచించి, పై మెట్టు మధ్యలో నా గుప్పెడు పట్టేంత కంత ఉలితో తొలిచాడు. అమ్మ పగిలిన సీసా పెంకుతో అంచులన్నీ గీకి నున్నగా చేసి, ఆముదం పూసింది. వసారా అంతా వేప వాసన, ఆముదం వాసన. అంతా అయ్యాక నాయనమ్మ వచ్చి, ఎవరినీ అడక్కుండా, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, వసారా నిట్టాడి స్తంభం పట్టుకుని ఆ పీటెక్కి రెండు కాళ్ళతో దబదబా తొక్కింది. పీట కిక్కురుమనలేదు.

ఏరువాక రోజున ఎడ్ల కొమ్ములకి రంగులు పూసి, నాగళ్ళు కడిగి, పులగం వండారు. నాగళ్ళిచ్చి పోదామని వచ్చిన వడ్రంగి మా పీటని తలకిందులు చేసి చూసి, "ఏనుగెక్కినా కదలదు అన్నయ్యగారూ. చూడ్డానికి కూడా ఏనుగులాగే ఉంది" అని పడీపడీ నవ్వాడు. నాయనమ్మ నాగలికి బొట్టు పెట్టింది, కాడికి పెట్టింది, గిన్నెలో కుంకం మిగిలిపోయింది కదా అన్నట్టు పీటకి కూడా పెట్టింది. నేను చూశానని తెలిసి, "ఏంటే ఆ చూపు?" అని కసిరింది.

హైస్కూలు తెరిచిన రోజు నేనే నా పీట మోసుకుంటూ హాల్టుకి బయల్దేరాను. వెనక నాన్న, అమ్మ, ఎప్పుడూ గడప దాటని నాయనమ్మ. బండి బొగ్గు పొగ కక్కుతూ వచ్చి ఆగింది. ఆడవాళ్ళ పెట్టె ముందు పీట వేసి, మొదటి మెట్టు మీద కాలు పెట్టాను, రెండో మెట్టు మీద పెట్టాను, కమ్మీ పట్టుకున్నాను, ఇనపమెట్టు మీదకి అడుగేశాను. అంతే. రైల్లో ఉన్నాను. ఎవరి చెయ్యీ నా ఒంటి మీద లేదు. వెనక్కి తిరిగి చూస్తే ఊరంతా నాకన్నా కిందుంది. నాన్న తుండుగుడ్డ గాల్లోకి ఎగరేశాడు.

"దిగు!" అంది నాయనమ్మ.

నేను కమ్మీ వదల్లేదు.

"దిగవే. దిగటం కూడా చూడాలిగా!"

గార్డుగారు పచ్చజెండా పట్టుకుని, "బండి పోవాలమ్మా!" అని అరిచాడు. "పోద్దిలే నాయనా, ఎక్కడికి పోద్ది, పట్టాల మీదేగా!" అంది నాయనమ్మ, ఆయన వైపు చూడను కూడా చూడకుండా. కిటికీల్లోంచి తలకాయలు బయటికొచ్చాయి. నేను దిగాను. ఎక్కేటప్పటికన్నా నిదానంగా, లంగా ఒక చేత్తో పట్టుకుని, మెట్టు తర్వాత మెట్టు. నేల మీద నిలబడి నాయనమ్మ ముఖంలోకి చూసి, వెంటనే వెనుదిరిగి మళ్ళీ ఎక్కేశాను. పెట్టెల్లోంచి ఈలలు పడ్డాయి. నాయనమ్మ పెట్టె గుమ్మం దగ్గరికొచ్చి కారేజీ పైకెత్తి అందించింది. "అన్నం మర్చిపోయి చదువేం చదూతావే" అంది. ఆవిడ పంపిస్తున్నానని చెప్పడం అలాగే ఉంటుంది.

నేనెక్కగానే పెట్టెలోంచి మంగమ్మత్త గంప నెత్తినే పెట్టుకుని, ఎవరినీ బతిమాలకుండా, మహారాణిలా ఆ రెండు మెట్లూ దిగింది. అప్పటి నుంచి పీట పెత్తనం ఆవిడదే. పొద్దున నేనెక్కగానే తీసి టిక్కెట్ల గదిలో పెట్టేది, సాయంత్రం నేను దిగేవేళకి సరిగ్గా ఆడవాళ్ళ పెట్టె ఆగేచోట వేసి ఉంచేది. నేను దిగాక అదే పీట మీద తనెక్కేది. తర్వాత పురిటికి వెళ్ళే ఆడవాళ్ళు ఎక్కారు, కళ్ళు కనపడని తాతలు ఎక్కారు, పొడుగాటి మగవాళ్ళు కూడా ఎవరూ చూడకుండా ఎక్కారు. మరుసటేడు మా ఊరి నుంచి ఇంకో ఇద్దరాడపిల్లలు నాతోపాటు తెనాలికి బయల్దేరారు.

ఆ వేసవిలో నాయనమ్మ, ఉరుము లేని పిడుగులా, చెల్లెల్ని చూడటానికి బాపట్ల దగ్గర కర్లపాలెం వెళ్తానంది. ఏళ్ళ తరబడి మోకాళ్ళ నొప్పులని చెప్పి ఆవిడ బాపట్ల వైపే వెళ్ళలేదు. నా భుజం కూడా పట్టుకోకుండా పీటెక్కి, రైలెక్కి, తెనాలిలో బండి మారి నాతో బాపట్ల వచ్చింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ సముద్రం ఒడ్డున చీరలు తడుపుకుంటూ చిన్నపిల్లల్లా కేకలు పెట్టారు. తిరిగొస్తుంటే, కిటికీ పక్కన కూర్చుని చెప్పింది.

"ఒకసారి నన్ను లాగి ఎక్కిస్తుంటే చీర చిక్కుకుందే. అందరూ నవ్వారు. అదే ఆఖరు. ఇన్నేళ్ళూ రైలంటే భయమనుకున్నా. కాదే, జనమంటే భయం."

నా చదువుకి ఆవిడెందుకు అడ్డం పడిందో నాకు ఆ రోజు తెలిసింది. ఆవిడ ఒళ్ళో తల పెట్టి పడుకున్నాను.

చిన్నతనం గురించి రాసేవాళ్ళంతా పోయినవాటికి కన్నీళ్ళు పెట్టుకుంటారు. నేనూ పెట్టుకుంటాను, ఇసుక కాలవకి, బొగ్గు పొగకి, మంగమ్మత్తకి, నన్ను గిద్దా అని పిలిచే ఆ ఒక్క గొంతుకి. పీట కూడా పోయింది. మెట్లు అరిగితే మార్చారు, మళ్ళీ అరిగితే మళ్ళీ మార్చారు, హాల్టులో ఎత్తుగా సిమెంటు ప్లాట్‌ఫారం కట్టాక ఎవరికీ అక్కర్లేక ఎటుపోయిందో పోయింది. దానికి మాత్రం నాకు బెంగ లేదు. మొన్న మా ఊళ్ళో పెళ్ళికెళ్ళి తిరిగొస్తూ ఆ ప్లాట్‌ఫారం మీద బండి కోసం నిలబడి ఉంటే, పదకొండేళ్ళు కూడా నిండని ఒక బక్కపిల్ల, వీపున బరువైన సంచీతో, పక్కపిల్లతో ఏదో వాదించుకుంటూ వచ్చింది. బండి ఆగింది. వాదన ఆపకుండానే, కాళ్ళకింద ఏముందో ఒక్కసారి కూడా చూసుకోకుండా, ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళినట్టు రైల్లోకి నడిచి వెళ్ళిపోయింది. నాకు గట్టిగా చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టాను కూడా.